మేనమామ తాగని నీళ్ళు

ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో అన్నమ్మ ఉండే టవర్‌కి పార్సిళ్ళు తెచ్చేవాళ్ళందరికీ ఒక సంగతి తెలుసు. పదకొండో అంతస్తులో ఆ చివరి ఫ్లాట్ బెల్లు నొక్కితే ఓటీపీ అంత తేలిగ్గా రాదు. ముందు స్టీలు గ్లాసులో నీళ్ళు వస్తాయి. అవి తాగాలి. సగం తాగి గ్లాసు దించితే ఒప్పుకోదు, అడుగుదాకా తాగాలి. అప్పుడు అన్నమ్మ కళ్ళజోడు సర్దుకుని, ఫోను చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని, ఒక్కో అంకే కూడబలుక్కుంటూ చదువుతుంది. "ఆంటీజీ, పహలే ఓటీపీ" అని వాదించినవాడు ఇంతవరకు ఒక్కడూ నెగ్గలేదు.

ఎలక్ట్రీషియన్లు తాగారు, ఎన్నికలప్పుడు ఓట్లడగడానికి వచ్చిన పెద్దమనుషులు తాగారు, ఒకసారి పై అంతస్తుకు పోబోయి పొరపాటున ఇక్కడ దిగిన పెళ్ళివారు గుంపు మొత్తం తాగే కదిలారు. టవర్లో ఆమెకు 'పానీవాలీ ఆంటీ' అని పేరు స్థిరపడిపోయింది. ఆ పేరు విన్నప్పుడల్లా కూతురు సునందకు తల కొట్టేసినట్టుంటుంది. ఆమె నోయిడాలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు మరి.

"అమ్మా, మనం వాటర్ ట్యాంకర్ నడిపిస్తున్నమనుకుంటున్నరే జనం" అంది ఒకనాడు.

"అనుకోనీ. నీళ్ళియ్యనోళ్ళు అనుకుంటే సిగ్గుగాని, ఇచ్చేటోళ్ళు అనుకుంటే నాకేమాయె?" అంది అన్నమ్మ.

అన్నమ్మతో మాటకు మాట పెట్టుకోవడం సునంద ఎప్పుడో మానేసింది. అయినా ఈ నీళ్ళ పిచ్చి ఊరికే పుట్టింది కాదు.

అన్నమ్మది పాలమూరు జిల్లా. తండ్రి మేస్త్రీ. ఆ రోజుల్లో పాలమూరు మేస్త్రీలు దేశంలో ఎక్కడ రాయి మీద రాయి పెట్టే పనున్నా మూటాముల్లె కట్టుకుని గుంపుగా పోయేవారు. అన్నమ్మ తండ్రి కూడా అట్లాగే ఉత్తరాదికి పోయాడు, ఏదో కాలవ మీద వంతెన కట్టాడు, తిరిగొచ్చేటప్పుడు వెంట ఒక పిల్లను తెచ్చుకున్నాడు. పేరు కాంత. ఊరు ఆమెను కాంతమ్మను చేసింది. ఏ ఊరి పిల్ల, ఎవరి బిడ్డ అంటే ఎవరికీ తెలియదు. ఎవరైనా అడిగితే ఆమె "ఢిల్లీ దిక్కు" అని చెయ్యి పైకెత్తి చూపించేది, ఢిల్లీ ఎక్కడో మబ్బుల్లో ఉన్నట్టు. ఊళ్ళో నోళ్ళు ఊరుకోవు కదా! రైల్లో తప్పిపోయిన పిల్ల అన్నారు కొందరు, రాజుల ఇంటి నుంచి లేచొచ్చిందన్నారు కొందరు, కాదు కొనుక్కొచ్చాడన్నారు ఇంకొందరు. అందరూ జొన్నరొట్టెను పీట మీద తట్టి చేస్తే ఆమె రెండు అరచేతుల మధ్య గాలిలోనే తట్టేది. అది చూడ్డానికి మాత్రం కథలల్లినవాళ్ళంతా వచ్చేవారు.

అన్నమ్మకు ఆరేళ్ళప్పుడు, ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం, తలపాగా చుట్టిన పొడుగాటి మనిషి వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. మనిషి దుమ్ముకొట్టుకుపోయి ఉన్నాడు. పెదాలు ఎండి పగిలాయి. తల్లి కూలికి పోయింది, తండ్రి ఎక్కడో ఆనకట్ట పని మీద ఉన్నాడు. ఇంట్లో పెద్దదిక్కు నాయనమ్మ ఒక్కతే. ఆయన మాట ఆమెకు రాదు, ఆమె మాట ఆయనకు రాదు. సైగలతో, "కాంతా, కాంతా" అన్న ఒక్క మాటతో అంతా తేలేసరికి చాలాసేపు పట్టింది. ఆయన కాంతమ్మకు అన్న.

అంటే మేనమామ! పక్కింటి పిల్లలందరికీ ఉండి తనకు లేని మేనమామ! అన్నమ్మ ఒక్క ఉరుకున పోయి కుండలోంచి చెంబుతో నీళ్ళు ముంచింది. పైన చీమ తేలుతుంటే చిటికెనవేలితో తీసి పారేసింది. రెండు చేతులా పట్టుకుని, ఒలక్కుండా, మేనమామ ముందుకు చాపింది.

ఆయన చెంబు వైపు చూశాడు. రెండు చేతులూ జోడించి వద్దన్నాడు. పిల్ల మళ్ళీ చాపింది. ఆయన మళ్ళీ వద్దన్నాడు.

ఇంటికొచ్చిన మనిషికి ముందు నీళ్ళివ్వడం మన మర్యాద. ఇచ్చిన నీళ్ళు ముట్టలేదంటే, మీరు నాకు చాలరు అని ముఖాన చెప్పినట్టే. నాయనమ్మ అసలే నోరున్న మనిషి.

"మా చేతి నీళ్ళు గూడ పనికిరానోనివి మా వాకిట్ల నీకేం పనిరా? నడువ్!" అని చీపురందుకుంది.

ఆయన బిత్తరపోయాడు. అన్నమ్మ తల మీద చెయ్యి పెట్టి, చంకలోని చిన్న మూటను అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు. మూటలో నువ్వులద్దిన బెల్లం బిళ్ళలున్నాయి. నాయనమ్మ వాటిని గొడ్ల తొట్లో పారబోసింది. దారిలో జారిపడ్డ ఒక్క బిళ్ళను మాత్రం అన్నమ్మ నోట్లో వేసుకుంది. అంత అవమానంలోనూ అది తియ్యగానే ఉంది.

పొద్దుగూకే వేళకు కాంతమ్మ వచ్చింది. సంగతి విని, కొడవలి చేతిలో ఉండగానే రోడ్డుకు ఉరికింది. అప్పటికి బస్సు పోయింది. తిరిగొచ్చి ఆమె అడిగిన మొదటి మాట, "నీళ్ళు తాగిండా?" అని.

"తాగలే" అంది అన్నమ్మ బెక్కుతూ.

కాంతమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. "తాగకపోతేనే మంచిది" అంది.

"చూసినవా పొగరు!" అంది నాయనమ్మ.

ఆ మాటకు అర్థమేమిటని అడిగే వయసు అన్నమ్మకు రాకముందే కాంతమ్మ జ్వరమొచ్చి పోయింది. తండ్రినడిగితే కాలవ, వంతెన అనేవాడు తప్ప ఊరి పేరు చెప్పలేకపోయేవాడు. ఆయనకు ఊళ్ళన్నీ రాయీ సున్నమే. అన్నమ్మ పెళ్ళినాడు మేనమామ చెయ్యాల్సిన మర్యాదలన్నీ పక్కింటాయన వచ్చి చేశాడు. ఆయన మంచివాడే. అయినా అన్నమ్మ పీటల మీద కూచుని, పెళ్ళికొడుకును కూడా చూడకుండా, ఆ తలపాగా మనిషినే తలుచుకుని పళ్ళు నూరింది.

అమ్మ పుట్టిల్లు తెలియకపోవడం ఆమెకు పెద్ద బాధ కాదు. లోకంలో తెలియనివి ఎన్ని లేవు! అమ్మను సొంతవాళ్ళే వద్దనుకున్నారేమో అన్నదే బాధ. వద్దనుకుంటే అంతదూరం ఎందుకొచ్చినట్టు? వచ్చినవాడు చిన్నపిల్ల చేతి నీళ్ళు ఎందుకు తాగనట్టు? ఈ ముల్లు అరవై ఏళ్ళు దాటినా అక్కడే ఉంది. అందుకే ఆమె గడప తొక్కినవాడెవడైనా నీళ్ళు తాగి తీరాలి.

భర్త పోయాక సునంద తల్లిని తన దగ్గరికి తెచ్చుకుంది. అలా అన్నమ్మ తన తల్లి చెయ్యెత్తి చూపించిన ఢిల్లీ దిక్కుకే వచ్చి పడింది. వచ్చిన కొత్తలో పార్కులో పొడుగాటి ముసలివాళ్ళు కనిపిస్తే గుచ్చిగుచ్చి చూసేది. వాళ్ళు ఇబ్బందిపడి బెంచీ మారేవారు.

"నానీ, డీఎన్ఏ టెస్ట్ కరా లో. బస్, ట్యూబ్‌లో ఉమ్మడమే. రిలేటివ్స్ పేర్లు అన్నీ వచ్చేస్తాయి" అంది మనవరాలు తేజశ్రీ.

"ఉమ్మితే చుట్టాలొస్తరా? ఉన్నోళ్ళు పోతరు గాని" అంది అన్నమ్మ.

అట్లా రోజులు గడుస్తుండగా, మొన్నటి జూన్‌లో, నిప్పులు చెరిగే ఒక సాయంత్రం, ఎదురు ఫ్లాట్ ముందు ఒక పెద్దాయన తాళం వంక చూస్తూ నిలబడి ఉన్నాడు. అది మంజు త్యాగి వాళ్ళ ఇల్లు. మంజు బ్యాంకులో పనిచేస్తుంది. ఆ వచ్చినాయన ఆమె తండ్రి రామ్‌ఫల్‌జీ, హాపుడ్ వైపు పల్లెటూరి మనిషి. కూతురు దారిలో ట్రాఫిక్‌లో చిక్కుకుందట. చేతిలో ఖాళీ సీసా. చెమటతో కుర్తా వీపుకు అంటుకుపోయింది.

ఇంతకన్నా మంచి అవకాశం అన్నమ్మకు ఎక్కడ దొరుకుతుంది? "ఆయియే భాయిసాబ్, బైఠియే" అని లోపలికి పిలిచి, ఫ్యాను పెంచి, కుండలో నీళ్ళు తెచ్చింది.

రామ్‌ఫల్‌జీ గ్లాసు వైపు చూశాడు. చేతులు జోడించి వద్దన్నాడు.

ఆ చూపు, ఆ జోడించడం అన్నమ్మ ఎరిగినవే. మళ్ళీ చాపింది. ఆయన మళ్ళీ, మర్యాదగానే, వద్దన్నాడు.

"క్యోఁ?" అంది అన్నమ్మ. గొంతు లేచింది. "హమారా పానీ మే క్యా హై? కీడా హై క్యా?" పురుగుందా అన్నదాకా వచ్చేసరికి హిందీ అయిపోయింది, తరవాతంతా పాలమూరే. "ఎండకు నాలుక పిడచగట్టి సస్తున్నవు, అయినా నా నీళ్ళు పనికిరావా? ఏం జూసుకొని మీకింత బలుపు? ఆనాడొకడు, ఈనాడు నువ్వొకనివి!"

ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కాకపోయినా తిట్టు తిట్టే. ఆయన లేచి నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే లిఫ్టు తెరుచుకుని మంజు పరుగెత్తుకొచ్చింది. వెనకే సునంద కూడా. సునంద తల్లి మాటలు విని సగం చచ్చిపోయింది, మంజు మాత్రం నవ్వేసింది.

"ఆంటీ, ఆయన నా ఇంట్లో కూడా తాగరు! ఊరినుంచి సీసాలో తెచ్చుకుంటారు. అది అయిపోతే ఇంటికెళ్ళేదాకా అంతే. కూతురిని ఇచ్చిన ఊళ్ళో నీళ్ళు ముట్టుకోరు మా పెద్దవాళ్ళు. కూతురికి పెట్టాలి గాని ఆమె దగ్గర పుచ్చుకోకూడదని. ఈ సొసైటీ అంతా మా నాన్నకి నా అత్తగారి ఊరే."

"పరాయిదాని ఇంట్లో అయితే తాగేవాణ్ణే" అన్నాడు రామ్‌ఫల్‌జీ నొచ్చుకుంటూ. "సొంత బిడ్డ ఉన్నచోట ఎట్లా తాగను?"

సునంద అది తెలుగులో చెప్పింది. చెప్పక్కర్లేదు, అన్నమ్మకు అర్థమైంది.

"బెహన్ కే ఘర్?" అంది మెల్లగా. చెల్లెలి ఇంట్లో?

"బెహన్ కే ఘర్ భీ నహీఁ."

అన్నమ్మ చెప్పుల అర మీద కూలబడిపోయింది. తాగకపోతేనే మంచిది. అమ్మ ఎందుకు నవ్విందో, ఎందుకేడ్చిందో ఇన్నేళ్ళకు ఇప్పుడు తెలిసింది. ఆనాడు మేనమామ నీళ్ళు తాగి ఉంటే అమ్మ పరాయిది అయిపోయేది. తాగలేదు కాబట్టే ఆమె ఇంకా ఆ ఇంటి పిల్ల. అన్నమ్మ బావురుమంది. చుట్టూ ముగ్గురూ కంగారుపడుతుంటే, ఏడుపు మధ్యలోనే, "ఓ నాయనమ్మా, వద్దన్నోని మీద చీపురెత్తితివి గదనే!" అని నవ్వింది.

ఆ తరవాత సునంద కథంతా చెప్పింది. రామ్‌ఫల్‌జీ మీసం దువ్వుకుంటూ విన్నాడు. "కాలవ మీద వంతెన కట్టినప్పుడు దక్షిణాది మేస్త్రీ వెంట వెళ్ళిన పిల్ల. అన్న ఒకసారి పోయి చూసొచ్చాడు. ఇంతే కదా? మా వైపు బర్రె తప్పిపోతేనే మూడు తరాలు చెప్పుకుంటారు, మనిషి పోతే చెప్పుకోరా? దొరుకుతుంది" అన్నాడు.

దొరకడం ఆయన అన్నంత సులువుగా కాలేదు. ఆ వేసవి పెళ్ళిళ్ళలో, హుక్కా చుట్టూ ముసలివాళ్ళు చేరిన ప్రతిచోటా ఆయన ఈ సంగతి కదిపాడు. రెండు ఊళ్ళవాళ్ళు మా పిల్లేనన్నారు. ఒక ఊరి పిల్ల వెళ్ళింది బొంబాయికట. ఇంకో ఊరాయన అన్నమ్మను ఫోన్‌లో "బువా", అంటే మేనత్తా, అని కళ్ళనీళ్ళు పెట్టుకుని, మూడో మాటకే సునంద కంపెనీలో కొడుక్కి ఉద్యోగం అడిగాడు. "గీ మేనమామిల్లు మనకొద్దు" అని అన్నమ్మ ఫోను పెట్టేసింది. పైకి అట్లా అన్నా ఆ రాత్రి అన్నం తినలేదు. సునందకు భయం వేసింది. దొరక్కపోతే అమ్మ తట్టుకుంటుంది, ఇంతకాలం తట్టుకుంది కదా. దొరికి, వాళ్ళు నిజంగానే వద్దనుకున్నవాళ్ళని తేలితే?

వానలు మొదలయ్యాక రామ్‌ఫల్‌జీ ఫోన్ చేశాడు. గ్రేటర్ నోయిడా దాటాక నంగ్లా సుమేర్ అని ఒక ఊరు. అక్కడొక ఇంటిని అందరూ 'మద్రాసీ ఘర్' అంటారట. ఆ ఇంట్లో మద్రాసువాళ్ళెవరూ లేరు. వాళ్ళ పెద్దాయన ఒకప్పుడు చెల్లెల్ని చూడ్డానికి మద్రాసు పోయొచ్చాడని ఆ పేరు. ఈ వైపువాళ్ళకు వింధ్య దాటితే అంతా మద్రాసే కదా!

ఆదివారం సునంద కారు తీసింది. రామ్‌ఫల్‌జీ ముందు సీట్లో, వెనక అన్నమ్మ, ఒళ్ళో సకినాల డబ్బా. టవర్లు దాటాయి, బస్సు కోసం బ్యాగులతో నిలబడ్డ కాలేజీ పిల్లలు దాటారు, ఆ పైన చెరకు తోటలు మొదలయ్యాయి. దారి పొడుగునా అన్నమ్మ డబ్బా మూత తీస్తూ పెడుతూ కూచుంది. అదే సునందను ఎక్కువ భయపెట్టింది.

ఇంటి ముందు నులకమంచం మీద నుంచి ఒక పొడుగాటి మనిషి లేచాడు. పేరు ఓంబీర్. అన్నమ్మకన్నా రెండు మూడేళ్ళు చిన్నవాడిలా ఉన్నాడు. తలపాగా లేదుగాని నిలబడ్డ తీరు అదే. అన్నమ్మ నమస్కారం పెట్టలేదు.

"మీ నాయిన మద్రాస్ పోయొచ్చి ఏం జెప్పిండు? మొదలు అది జెప్పుమను" అంది కూతురితో.

ఓంబీర్ చెప్పాడు. కాంత తన మేనత్త. ఊహ తెలియని వయసులో పెళ్ళి చేస్తే, కాపురానికి పోకముందే మొగుడు పోయాడు. ఆ పిల్ల జీవితమంతా విధవరాలి తెల్ల ఓఢ్నీ ముసుగు కింద గడిచిపోతుందని అన్నకు దిగులు. వంతెన పని మీద దక్షిణాది మేస్త్రీని చూశాడు. మనిషి తాగడు, అబద్ధమాడడు, పిల్ల వైపు తలెత్తి చూడ్డానికే సిగ్గుపడతాడు. పని అయిపోయి గుంపు బయల్దేరినప్పుడు అన్నే చెల్లెల్ని స్టేషన్‌కి తీసుకుపోయి రైలెక్కించాడు. ఊరు చాలాకాలం ఆయన్ను మాటలంది, ఆయన పడ్డాడు. కొన్నేళ్ళకు, ఆ గుంపులోనే ఉన్న ఇంకో మేస్త్రీ మళ్ళీ పనికొస్తే ఊరు కనుక్కుని, రైళ్ళు మారి చూడబోయాడు.

"వచ్చి ఏమన్నాడంటే, ఇల్లు బాగుంది, వాకిట్లో గొడ్లున్నాయి, కాంతకు ఏ లోటూ లేదు అన్నాడు. కానీ ఆ ఇంటి ముసలమ్మ చీపురెత్తిందట. నేనేదో తప్పు చేశాను, మళ్ళీ పోతే ఆ కోపం కాంత మీద తీరుస్తారు అని ఇంక పోలేదు."

అన్నమ్మ తల వంచుకుంది.

"ఇంకోటి చెప్పేవాడు బాపూ" అన్నాడు ఓంబీర్. "ఎండాకాలంలో నీళ్ళు తాగినప్పుడల్లా చెప్పేవాడు, మాకు వినీ వినీ విసుగొచ్చేది. మేనకోడలు చిన్న పిల్లట. రెండు చేతులా చెంబు పట్టుకొచ్చిందట. నీళ్ళలో చీమ ఉంటే చిటికెనవేలితో తీసేసిందట. ఊరినుంచి తెచ్చుకున్న నీళ్ళు ముందురోజే అయిపోయాయి, గొంతులో చుక్క పడలేదు, అంత దాహం నా బతుకులో ఎప్పుడూ వెయ్యలేదు, చెయ్యి సగందాకా లేచింది, బలవంతాన దించి జోడించాను అనేవాడు. పోయేముందు కూడా ఆ పిల్ల ఎంతదయిందో అనే అడిగాడు."

చీమ సంగతి అన్నమ్మ ఎవరికీ చెప్పలేదు. కూతురికి కూడా. "ఇంతయింది! ఇదిగో, ఇంతయింది!" అని గుండెల మీద చేత్తో కొట్టుకుంటూ ఏడ్చింది. ఆమె చెప్పిందేమిటో ఎవరూ తెలుగులోంచి మార్చి చెప్పలేదు. ఎవరికీ అవసరం పడలేదు.

ఓంబీర్ భార్య ఇత్తడి లోటాతో నీళ్ళు తెచ్చింది. ఈ ఊరికి అన్నమ్మ ఆడపడుచు బిడ్డ, ఆమె ఎన్ని తాగినా తప్పులేదు. అడుగుదాకా తాగింది. ఓంబీర్ లోపలికి పోయి ఎర్ర ఓఢ్నీ తెచ్చి తల మీద కప్పాడు. మేనకోడలి పెళ్ళికి మేనమామ ఇల్లు పెట్టాల్సిన సారె అది, ఈ వైపు 'భాత్' అంటారు, ఆలస్యమైందన్నాడు.

అన్నమ్మ కళ్ళు తుడుచుకుని అతణ్ణి ఎగాదిగా చూసింది. "మంచిగనే ఉన్నవు గద బావా!" అంది.

"అమ్మా! ఈడ మేనమామ కొడుకంటే సొంత తమ్ముడే. గట్ల పరాచికాలాడొద్దు" అని సునంద చెవిలో గొణిగింది.

"అయ్యో! బతుకుల ఒక్క బావ దొరికిండనుకుంటే ఆయన గూడ తమ్ముడాయెనా!" అంది అన్నమ్మ. రామ్‌ఫల్‌జీ పట్టుబట్టి ఆ మాటకు అర్థం చెప్పించుకున్నాడు, ఆడవాళ్ళు ముసుగుల్లో నుంచి విరగబడి నవ్వారు.

దీపావళికి ముందు ఓంబీర్ ఇందిరాపురం వచ్చాడు, రేవ్డీ, అవే నువ్వులద్దిన బెల్లం బిళ్ళల మూట చంకలో పెట్టుకుని. తలుపు తీసే ఉంది. ఏసీ బాగుచేసే మనిషి పని ముగించి, రివాజు ప్రకారం గుమ్మంలో నిలబడి గ్లాసు ఖాళీ చేస్తున్నాడు. అన్నమ్మ ఓంబీర్‌ను కూచోబెట్టింది, ఫ్యాను వేసింది, మూట విప్పి ఒక బిళ్ళ నోట్లో వేసుకుంది, ఎదురుగా కూచుని ఊరి ముచ్చట్లడిగింది. నీళ్ళు మాత్రం తేలేదు. అతని పెదాలు ఎండి ఉండటం చూస్తూనే ఉంది, అయినా లేవలేదు.

ఏసీ మనిషి ఈ టవర్‌కి ఏళ్ళ తరబడి వస్తున్నవాడు. ఈ వింత చూసి ఉండబట్టలేకపోయాడు. "ఆంటీజీ, ఇన్‌కో పానీ నహీఁ?" అన్నాడు.

"ఇన్‌కో నహీఁ" అంది అన్నమ్మ తల ఎత్తి. "యే మేరా భాయి హై."